బెంజ్ సర్కిల్ పేరు వెనక ఉన్నది లారీ

విజయవాడలో బెంజ్ సర్కిల్ పేరు మీద వాదన మళ్లీ మొదలైంది. డబ్బున్నవాళ్లు తిరిగే విదేశీ కారు పేరు మన కూడలికి ఎందుకని కొందరు అడుగుతున్నారు. కాకాని వెంకటరత్నం పేరే ఉండాలన్నది వాళ్ల మాట. జై ఆంధ్ర ఉద్యమంలో కాకాని పాత్ర, 1972 డిసెంబరులో ఆయన మరణం, ఈ కూడలిలో ఆయన విగ్రహం పెట్టడం ఊరికి కొత్తగా చెప్పక్కర్లేని సంగతులు. చెప్పాల్సింది బెంజ్ గురించి. దానికి 1954 దగ్గరికి వెళ్లాలి.

జంషెడ్‌పూర్‌లో అప్పటిదాకా రైలింజన్లు చేస్తున్న టాటాల కంపెనీ టెల్కో, ఆ ఏడాది జర్మనీ కంపెనీ డైమ్లర్-బెంజ్‌తో 15 ఏళ్ల ఒప్పందం చేసుకుని లారీల తయారీలోకి దిగింది. ఆ లారీల ముఖాన మూడు కొనల నక్షత్రం ఉండేది. మన రోడ్ల మీద ఆ గుర్తును జనం ఎక్కువగా చూసింది ధాన్యం, సిమెంటు మోసే బండ్ల మీదే. ఈ కూడలి దగ్గర టాటా బెంజ్ లారీల సంస్థ ఉండేదని, బస్సు దిగేవాళ్లు ఆ గుర్తు చెప్పి దిగేవాళ్లని, అలా పేరు నిలిచిపోయిందని పాతతరం లారీ వాళ్లు చెబుతారు. మద్రాసు-కలకత్తా రహదారిని బందరు రోడ్డు దాటే చోటు ఇది. పక్కనే ఆటోనగర్. బాడీ కట్టేవాళ్లు, పట్టీలు వేసేవాళ్లు, ఇంజన్ విప్పి బిగించేవాళ్లు, క్లీనరుగా చేరి ఓనరైనవాళ్లు ఆ బండ్ల మీదే బతికారు. 1969లో ఒప్పందం ముగిసి నక్షత్రం స్థానంలో టాటా ‘టి’ వచ్చింది. అయినా టాటా బెంజ్ అన్న మాట వాళ్ల నోళ్లలోంచి అంత తొందరగా పోలేదు.

డైమ్లర్, బెంజ్ మొదట్లో వేర్వేరు కంపెనీలు. అసలు ఆ నక్షత్రం బెంజ్‌ది కాదు, డైమ్లర్‌ది. ఈ వాదనలో రెండు పక్షాలూ ఈ సంగతి ఎత్తడం లేదు. ఆ కంపెనీ పెట్టిన జర్మన్ ఇంజనీరు గాట్లీబ్ డైమ్లర్, అంతకుముందు డాయిట్జ్ ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో ఒక పోస్టుకార్డు మీద తానుండే ఇంటిపైన నక్షత్రం గుర్తు పెట్టి భార్యకు పంపాడు. ఏదో ఒకరోజు ఈ నక్షత్రం మన సొంత ఫ్యాక్టరీ మీద వెలుగుతుందని రాశాడు. 1900లో ఆయన పోయాడు. కంపెనీకి గుర్తు కావలసి వచ్చినప్పుడు కొడుకులు పౌల్, అడాల్ఫ్‌లకు ఆ కార్డు గుర్తొచ్చింది. 1909 జూన్‌లో మూడు కొనలదీ, నాలుగు కొనలదీ రెండు నక్షత్రాలు రిజిస్టర్ చేయించినా వాడింది మూడు కొనలదే. నేల, నీరు, గాలి మూడింటిలోనూ తన ఇంజన్ నడవాలన్న డైమ్లర్ కోరికకు అది గుర్తు.

కార్ల్ బెంజ్ కంపెనీ అదే ఏడాది తన పేరు చుట్టూ లారెల్ ఆకుల దండను గుర్తుగా పెట్టుకుంది. 1926లో రెండు కంపెనీలూ కలిశాయి. డైమ్లర్ నక్షత్రం, బెంజ్ ఆకుల దండ ఒకే గుండ్రంలోకి చేరాయి.

విలాసం మాటకొస్తే, 1895లోనే బెంజ్ కంపెనీ మోటారు బస్సు చేసింది. మరుసటి ఏడాది డైమ్లర్ కంపెనీ ప్రపంచంలో మొదటి మోటారు లారీ చేసింది. ఇద్దరి చరిత్రలోనూ బరువు మోయడం మొదటి నుంచీ ఉంది.

కాకాని పేరు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయాలి, అందులో నాకు రెండో మాట లేదు. అందుకు చూపిస్తున్న కారణమే తప్పు. మన దేశంలో బెంజ్ కార్ల తయారీ పుణెలో మొదలైంది 1995లో. అప్పటికే బెజవాడ సిటీబస్సు కండక్టర్లకు బెంజ్ సర్కిల్ పాత స్టాపు.