మూత్రాశయం జారడం: అపోహలు, వాస్తవాలు

అపోహ: యోని దగ్గర చేతికి తగిలే ఉబ్బు క్యాన్సర్ గడ్డ.

మూత్రాశయానికీ యోనికీ మధ్యనున్న కణజాలమూ, కింది నుంచి ఆసరాగా నిలిచే కటి కండరాలూ సడలినప్పుడు, మూత్రాశయం యోని ముందు గోడను నెట్టుకుంటూ కిందికి దిగుతుంది. పడుకుంటే తగ్గి, సాయంత్రానికి బరువుగా అనిపించే మెత్తని ఉబ్బు సాధారణంగా ఇదే. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. అయినా పరీక్ష చేయించుకుని నిర్ధారించుకోవాలి. ముట్లు ఆగిపోయాక రక్తం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు.

అపోహ: సిజేరియన్ అయినవారికి ఇది రాదు.

ముప్పు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. గర్భం మోసిన బరువు, ముట్లు ఆగాక తగ్గే ఈస్ట్రోజన్, ఏళ్ల తరబడి మలబద్ధకం, తగ్గని దగ్గు, స్థూలకాయం కూడా కారణాలే.

అపోహ: మూత్రం కారడం ఆగింది కనుక జబ్బు నయమైంది.

నేను అన్నిటికంటే జాగ్రత్తగా వినే మాట ఇది. మూత్రాశయం బాగా కిందికి దిగినప్పుడు మూత్రమార్గం మడతపడి, దగ్గినప్పుడు కారే మూత్రం ఆగిపోవచ్చు. అదే మడత వల్ల మూత్రం పూర్తిగా రాదు. కొందరు ఉబ్బును వేలితో లోపలికి నెడితే తప్ప పోయలేరు, ఆ సంగతి అడిగితే గానీ చెప్పరు. మిగిలిపోయిన మూత్రం మాటిమాటికీ ఇన్ఫెక్షన్ తెస్తుంది. మూత్రం అసలే రాకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అపోహ: ఆపరేషన్ తప్ప దారి లేదు.

ఎంత జారిందన్న దానికంటే ఆమెను ఎంత బాధిస్తోందన్నదే చికిత్సను నిర్ణయించాలని నా అభిప్రాయం. బాధ లేనివారికి చికిత్స అవసరం లేకపోవచ్చు. తొలి దశల్లో కటి కండరాల వ్యాయామం బాధను తగ్గిస్తుంది, అయితే చాలామంది బిగించడానికి బదులు కిందికి ముక్కుతారు, అది ఉన్న ఇబ్బందిని పెంచుతుంది. అపానవాయువును ఆపుకుంటున్నట్లు కండరాలను లోపలికి, పైకి లాగి, ఊపిరి బిగబట్టకుండా కొన్ని సెకన్లు ఉంచి వదలాలి. ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో కనీసం 16 వారాలు చేశాకే ఫలితాన్ని అంచనా వేయాలి. యోనిలో అమర్చే సిలికాన్ రింగు, అంటే పెసరీ, ఆపరేషన్ వద్దనుకునేవారికి చక్కని మార్గం. దాన్ని క్రమం తప్పకుండా శుభ్రం చేయించుకోవాలి.

అపోహ: ఆపరేషన్ అయితే మళ్లీ జారదు.

జారవచ్చు. సొంత కణజాలంతోనే కుట్టి సరిచేయడం ఇప్పటికీ ప్రధాన పద్ధతి. జారిన అవయవానికి ఆసరాగా యోని గుండా అమర్చే మెష్‌ల (కృత్రిమ వలల) అమ్మకాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019 ఏప్రిల్‌లో ఆపించింది కనుక, ఎవరైనా మెష్ సూచిస్తే ఎందుకో, ఏ మార్గంలో అమరుస్తారో అడిగి తెలుసుకోండి. ఆపరేషన్ తర్వాత మలబద్ధకాన్నీ దగ్గునూ అదుపులో ఉంచుకోవడం, బరువులు ఎత్తడానికి తొందరపడకపోవడం తప్పనిసరి.