మందు ఎప్పుడు, రేడియేషన్ ఎప్పుడు?

ఊపిరితిత్తుల క్యాన్సర్ మూడో దశలో ఉంది, ఆపరేషన్ కుదరదు అని డాక్టర్ చెప్పగానే ఇక చేసేదేమీ లేదనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. ఈ దశలో జబ్బు ఛాతీలోని లింఫ్ గ్రంథుల దాకా పాకి ఉంటుంది గానీ, దూరంగా ఉన్న అవయవాలకు చేరినట్టు కనిపించదు. అందుకే ఒళ్లు తట్టుకోగలిగిన వాళ్లకు నయం చెయ్యాలనే ఉద్దేశంతోనే కీమో, రేడియేషన్ కలిపి ఇస్తారు.

రెండూ ఎందుకు? రేడియేషన్ పడిన చోటే పనిచేస్తుంది. స్కాన్‌కు దొరకకుండా ఒంట్లో ఇంకెక్కడో దాగిన కణాలను చేరాలంటే రక్తంలో తిరిగే మందు కావాలి. ఇంతకంటే విశేషం, ఒకే రోజుల్లో ఇచ్చినప్పుడు అవి ఒకదానికొకటి చేసే సాయం. రేడియేషన్ కణంలోని డీఎన్‌ఏను తెంపుతుంది. కణం ఊరుకోదు, తెగిన పోగులను అతుక్కుంటుంది. ఈ మరమ్మతు మామూలు కణాలకు వచ్చినంత బాగా క్యాన్సర్ కణాలకు రాదు. అందుకే 60 గ్రేల (రేడియేషన్ మోతాదును కొలిచే యూనిట్ గ్రే) మోతాదును ఒక్కసారిగా కాకుండా రోజుకు 2 గ్రేల చొప్పున, వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు ఇస్తారు. సిస్‌ప్లాటిన్ అనే మందు డీఎన్‌ఏకు అంటుకుని, క్యాన్సర్ కణం చేసుకునే ఆ కాస్త మరమ్మతునూ సాగనివ్వదు. పాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందు దారి వేరు. కణం రెండుగా చీలబోయే సమయంలో దాన్ని అక్కడే ఆపేస్తుంది. రేడియేషన్‌కు కణం తేలిగ్గా దెబ్బతినేది అప్పుడే.

ఇది ఒక్కరోజులో తేలిన సంగతి కాదు. రేడియేషన్ ఒక్కటే ఇవ్వడం కంటే ముందు కీమో ఇచ్చి తర్వాత రేడియేషన్ ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 1990లో ఒక పరిశోధన చూపించింది. ఒకదాని తర్వాత ఒకటా, రెండూ కలిపా అన్నది తర్వాతి ప్రశ్న. 2011లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో విడివిడిగా తీసుకున్నవాళ్లలో ఐదేళ్లు బతికినవాళ్లు 10 శాతం, కలిపి తీసుకున్నవాళ్లలో 16 శాతం. దీనికి మూల్యం కూడా ఉంది. అన్నవాహిక పుండయి మంచినీళ్లు మింగినా మండుతుంది. ఇది చిన్న బాధ కాదు, ముందే తెలిసి ఉండాలి.

అలాంటప్పుడు రేడియేషన్ ఇంకా పెంచితే? 60 గ్రేలకు బదులు 74 ఇచ్చి చూశారు. 2015లో ఫలితాలు వచ్చాయి. 60 గ్రేలు తీసుకున్నవాళ్లలో సగం మంది 28.7 నెలలు దాటి బతికితే, 74 తీసుకున్నవాళ్లలో సగం మంది దాటింది 20.3 నెలలే. గుండెకు ఎంత రేడియేషన్ తగిలిందన్నది కూడా ప్రాణం మీద ప్రభావం చూపినట్టు తేలింది. నా దృష్టిలో ఈ రంగంలో మనకు ఎక్కువ నేర్పిన అధ్యయనం ఇదే.

తర్వాతి మేలు మరోవైపు నుంచి వచ్చింది. క్యాన్సర్ కణం తన పైపొర మీద పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ను నిలిపి, మీదికొచ్చే రోగనిరోధక కణాలను ఆపేస్తుంది. రేడియేషన్ తర్వాత మిగిలిన కణాల్లో ఈ ప్రొటీన్ పెరగవచ్చు. డుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు సరిగ్గా దాన్నే అడ్డుకుంటుంది. కీమో, రేడియేషన్ ముగిశాక జబ్బు పెరగనివాళ్లకు ఏడాది వరకు ఈ మందు ఇస్తే, ఐదేళ్ల తర్వాత 42.9 శాతం మంది బతికి ఉన్నారు. ఇవ్వనివాళ్లలో 33.4 శాతం. ఇదే మందును మొదటి రోజు నుంచే రేడియేషన్‌తో కలిపి ఇచ్చి చూస్తే మాత్రం జబ్బు ముదరకుండా ఆపడంలో అదనపు మేలు కనిపించలేదు. రోగనిరోధక కణాలు రేడియేషన్‌కు చాలా సులువుగా చనిపోతాయి, బహుశా అదొక కారణం.

గడ్డలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువు మారి ఉన్నవాళ్లకు డుర్వాలుమాబ్ అంతగా పనిచెయ్యదు. వాళ్లకు కీమో, రేడియేషన్ తర్వాత ఒసిమెర్టినిబ్ మాత్ర ఇస్తే, సగం మందిలో జబ్బు 39.1 నెలల వరకు ముదరలేదు. ఉత్తుత్తి మాత్రతో అది 5.6 నెలలే. ఇది 2024 నాటి ఫలితం. కాబట్టి జన్యుపరీక్ష రిపోర్టు చేతికి రాకముందే తర్వాతి మందు మొదలుపెట్టమని డాక్టర్‌ను తొందరపెట్టకండి.

ఒక జాగ్రత్త. రేడియేషన్ అయిపోయిన కొన్ని వారాలకు, ఒక్కోసారి నెలలకు, ఊపిరితిత్తి వాచి పొడిదగ్గు, ఆయాసం మొదలవుతాయి. ఇమ్యునోథెరపీ వల్ల కూడా ఇలా జరగవచ్చు. మామూలు జలుబు అనుకుని దగ్గు సిరప్‌తో సరిపెట్టుకోకుండా ఆ రోజే ఆంకాలజిస్ట్‌కు ఫోన్ చెయ్యండి. త్వరగా గుర్తిస్తే ఈ వాపు చాలావరకు స్టెరాయిడ్లకు లొంగుతుంది.