కోట చేప వయసు తగాదా ఎక్కడ మొదలైంది?

గుంటూరులో ఒక కాలేజీ ప్రదర్శనలో చేప శిలాజం కింద 'తొలి జురాసిక్' (డైనోసార్ల కాలమైన జురాసిక్ యుగపు మొదటి భాగం) అని చీటీ పెట్టారు. తప్పని ఒకరు, సరైనదే అని ఇంకొకరు. పాత తగాదా మళ్లీ రాజుకుంది. ఆ చేప ప్రాణహిత ఒడ్డున, సిరోంచ దగ్గరున్న కోట గ్రామం పేరుతో పిలిచే రాతి పొరల్లోది. నేరుగా 1851కి వెళ్దాం.

ఆ ఏడాది కల్నల్ సైక్స్ లండన్‌లో చూపిన ఈ దక్కన్ చేపను శిలాజ చేపల నిపుణుడు ఎగర్టన్ వర్ణించి, లెపిడోటస్ దక్కనెన్సిస్ అని పేరు పెట్టాడు. బెజవాడ చేపల మార్కెట్లో బొచ్చె పొలుసు తీసి చూడండి. గుండ్రంగా, పల్చగా, గోరులా వంగుతుంది. ఈ చేపది వేరు. డైమండ్ ఆకారం, మంచి మందం, పైన పంటి మీద ఉండేలాంటి నున్నటి మెరుపు. ఒక పొలుసు కొక్కెం పక్క పొలుసు గుంటలో కూర్చుంటుంది. రాయిలోనూ ఆ వరసలు కనిపిస్తాయి.

యూరప్‌లో ఇలాంటివి తొలి జురాసిక్ సముద్రపు పొరల్లో దొరికేవి. ఆ పోలికతోనే కోటకూ ఆ వయసు అంటుకుంది. నా దృష్టిలో చిక్కంతా ఇక్కడే పడింది. కోట సున్నపురాయి మంచినీటి సరస్సులో పేరుకున్నది. సముద్రపు పొరలైతే అమ్మోనైట్లు అనే చుట్టల గుల్లల సముద్రజీవుల శిలాజాలను బట్టి వయసు తేల్చవచ్చు. సరస్సులో అవి బతకవు. పైగా లెపిడోటిస్ (లెపిడోటస్‌కే ఇంకో రూపం) పేరు కింద జురాసిక్‌కు ముందున్న ట్రయాసిక్ నుంచి తర్వాతి క్రెటేషియస్ దాకా ఎన్నో చేపల్ని కుక్కేశారు. 2012లో శిలాజ శాస్త్రవేత్త లోపెజ్-అర్బరెల్లో ఆ గుంపును విడగొట్టాల్సి వచ్చింది.

ఈలోగా కోట మట్టిని నానబెట్టి, సన్నని జల్లెడలో కడిగి, మిగిలిన నలుసుల్ని మైక్రోస్కోప్ కింద ఏరడం మొదలైంది. ఎంత ఓపిక కావాలో! 1981లో ప్రకటించిన కోటథీరియం హాల్డేని అనే క్షీరదానికి ఆధారం చిన్న పన్నే. ఆస్ట్రకాడ్లు అనే నలుసంత నీటి జీవుల గుల్లలు, పుప్పొడి చూసినవాళ్లలో కొందరు మధ్య జురాసిక్ అన్నారు, ఇంకొందరు ఆ తర్వాతిదే అన్నారు.

తొలి జురాసిక్ పక్షం చేపలతో పాటు బారాపాసారస్‌నీ చూపిస్తుంది. 1975లో పేరు పెట్టిన ఆ డైనోసార్ ఎముకల్లో పాతకాలపు లక్షణాలున్న మాట నిజమే. కానీ లక్షణాలు పాతవైనంత మాత్రాన పొర పాతదవ్వదు. పొర వయసు మారితే బారాపాసారస్, అదే పొరల్లోని మరో డైనోసార్ కోటాసారస్ వయసు కూడా దాంతో పాటే మారుతుంది. చీటీ మీద పంతం అందుకే.

ప్రస్తుతానికి ఆ చీటీ మీద 'జురాసిక్, మంచినీటి చేప' వరకు ఉంచి, కింద 'వయసుపై చర్చ సాగుతోంది' అని రాస్తే చాలు.