ఫారంలో పట్టని మనస్సాక్షి: కవి, ముద్రాపకుడు విలియం ఎవర్సన్ కాగితాల వెనుక కథ

నిర్బంధ సైనిక సేవ అమల్లో ఉన్న రోజుల్లో యుద్ధానికి రానని చెప్పదలచుకున్న అమెరికన్ యువకుడు ఒక ఫారం నింపాల్సి వచ్చేది. నా మత శిక్షణ, విశ్వాసాల కారణంగా ఏ రకమైన యుద్ధంలోనూ పాల్గొనడానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు అనే అర్థం వచ్చే వాక్యం అందులో ముందే అచ్చయి ఉండేది. దాని కింద సంతకం పెట్టాలి. డేనియల్ సీగర్ అనే యువకుడు సంతకానికి ముందు ‘మత’ అన్న మాటకు అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టాడు. ఎలియట్ వెల్ష్ అయితే మత శిక్షణ అన్న ముక్కనే కొట్టేశాడు. ఆ కేసులు రెండూ సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. మొదటిది 1965లో, రెండోది 1970లో, ఇద్దరికీ అనుకూలంగానే తేలాయి. దేవుడి ప్రస్తావన లేకపోయినా ఒక మనిషి నైతిక విశ్వాసం మత విశ్వాసమంత గట్టిదైతే చాలునని కోర్టు ఒప్పుకుంది.

ఈ చరిత్రను చాలామంది వియత్నాం యుద్ధంతో మొదలుపెడతారు. కానీ చిక్కంతా 1940 నాటి నిర్బంధ సైనిక సేవ చట్టంలోనే ఉంది. అంతకు ముందు, మొదటి ప్రపంచ యుద్ధంలో, యుద్ధాన్ని కాదన్నవాళ్లను సైనిక శిబిరాలకు పంపి నానా హింసా పెట్టారు. ఆ అనుభవం మళ్లీ ఎదురుకాకూడదని, యుద్ధాన్ని ఒప్పుకోని క్రైస్తవ శాఖలైన క్వేకర్లు, మెన్నొనైట్లు, బ్రెద్రెన్ చర్చివాళ్లు ప్రభుత్వం చుట్టూ తిరిగి కొత్త చట్టంలో ఒక వెసులుబాటు సాధించారు. మత శిక్షణ, విశ్వాసాల రీత్యా యుద్ధాన్ని వ్యతిరేకించేవాళ్లు సైన్యం బదులు పౌర అధికారుల కింద ‘జాతీయ ప్రాధాన్యం ఉన్న పని’ చేయవచ్చు. ఈ ఏర్పాటుకు సివిలియన్ పబ్లిక్ సర్వీస్ అని పేరు పెట్టారు. 1941 నుంచి 1947 వరకు సుమారు 12,000 మంది ఇందులో పనిచేశారు. దీనికీ ఒప్పుకోని వాళ్లు, ఎవరిని సైన్యంలోకి పిలవాలో తేల్చే స్థానిక బోర్డు నమ్మని వాళ్లు జైలుకు వెళ్లారు. వాళ్లు దాదాపు 6,000 మంది. అందులో ఎక్కువమంది యెహోవా సాక్షులు.

మరి చర్చి లేని శాంతివాది సంగతేమిటి? ఆ ప్రశ్నకు ఒక మనిషి జీవితమంతా జవాబు వెతుక్కున్నాడు. ఆ వెతుకులాట మిగిల్చిన కాగితాలు ఇప్పుడు కాలిఫోర్నియా లైబ్రరీల్లో ఉన్నాయి. ఆయన పేరు విలియం ఎవర్సన్. కవి, అచ్చుపని తెలిసినవాడు, సొంత ప్రెస్సులో పుస్తకాలు వేసినవాడు. ఆయన పేరు ఎత్తితే, 1950లలో సంప్రదాయాలను ధిక్కరించిన బీట్ కవుల్లో ఒకడని చెప్పి ముందుకు వెళ్లిపోవడం అలవాటైపోయింది. అది ఆయనకు అన్యాయమే.

ఎవర్సన్ 1912లో శాక్రమెంటోలో పుట్టాడు. పెరిగింది శాన్ వాకీన్ లోయలోని సెల్మా అనే చిన్న ఊళ్లో. తండ్రి నార్వే నుంచి వలస వచ్చిన మనిషి, బ్యాండు మాస్టారు, అచ్చాఫీసు నడిపేవాడు. అంటే సీసపు అక్షరాల వాసన పిల్లాడికి ఇంట్లోనే తెలుసు. కాలేజీలో చదువుతుండగా 1934లో కాలిఫోర్నియా కవి రాబిన్సన్ జెఫర్స్ కవిత్వం చేతికొచ్చింది. ఎవర్సన్ కవి కావాలని నిర్ణయించుకున్నది అప్పుడే. ఏ చర్చిలోనూ దొరకని భక్తి ఆ కవిత్వంలోని కొండల్లో, సముద్రంలో, డేగల్లో కనిపించింది. చదువు ఆపేసి ఊరికి తిరిగొచ్చాడు, పెళ్లి చేసుకున్నాడు, ద్రాక్షతోట వేశాడు. తొలి సంపుటి 1935లో వచ్చింది. యుద్ధం మీద ఆయన అభ్యంతరం ఈ నేల నుంచి పుట్టిందే. సృష్టి అంతా పవిత్రం అయినప్పుడు, దానిలో భాగమైన మనిషిని చంపడం ఎలా కుదురుతుంది? ఈ నమ్మకానికి చర్చి పేరు లేదు. అయినా బోర్డు ఆయనను 4-ఇ వర్గంలో, అంటే మనస్సాక్షి కారణంగా సైన్యానికి దూరంగా ఉండేవాళ్లలో చేర్చింది. అన్ని బోర్డులూ అంత ఉదారంగా లేవు.

1943 జనవరిలో, 30 ఏళ్ల వయసులో, భార్యనూ తోటనూ వదిలి ఎవర్సన్ ఒరెగాన్ తీరంలోని వాల్డ్‌పోర్ట్ దగ్గర 56వ నంబరు శిబిరానికి చేరాడు. నడిపేది బ్రెద్రెన్ చర్చి, పని చెప్పేది అటవీ శాఖ. చెట్లు నరికేసిన కొండవాలుల మీద వానలో మొక్కలు నాటడం, రోడ్ల కోసం కంకర కొట్టడం, వేసవిలో అడవి మంటలు ఆర్పడం. వారానికి ఆరు రోజులు పని. జీతం లేదు. చేతిఖర్చుకు నెలకు రెండున్నర డాలర్లు, అదీ చర్చి ఇచ్చేది. అదే సమయంలో మామూలు సిపాయికి నెలకు 50 డాలర్లు. ఇంటి దగ్గర భార్యాబిడ్డలకు ప్రభుత్వం పైసా ఇవ్వలేదు. దేశానికి పనికొచ్చే పని అని ఒకపక్క చెబుతూ ఇంకోపక్క కూలి ఎగ్గొట్టడాన్ని శిక్ష అనక ఇంకేమనాలి? శిబిరాల లోపల కూడా దీని మీద పెద్ద గొడవే నడిచింది. ఇలాంటి పనికి ఒప్పుకోవడమంటే నిర్బంధ సైనిక సేవకు సహకరించడమేనని వాదించి కొందరు గేటు దాటి వెళ్లిపోయారు, జైలుకు పోయారు. ఎవర్సన్ వెళ్లలేదు, అక్కడే ఉండి అచ్చువేశాడు.

శిబిరానికి ‘ది టైడ్’ అని ఒక అధికారిక పత్రిక ఉండేది. ‘టైడ్’ అంటే సముద్రపు పోటు. దానికి పోటీగా కొందరు ‘ది అన్‌టైడ్’ అని ఇంకోటి మొదలుపెట్టారు. పేరులోనే వెక్కిరింపు. సైక్లోస్టైల్ పత్రిక అది. టైపు మిషన్ మీద స్టెన్సిల్ కోసి, సిరా పట్టించి, ఒక్కో కాగితం తిప్పి తీయాలి. స్టెన్సిల్ చిరిగితే ఆ పేజీ మళ్లీ మొదటికే. ఎవర్సన్ రాసిన యుద్ధ విలాప కవితలు ముందు ఇందులోనే విడతలుగా వచ్చాయి. 1943లోనే వాటిని కలిపి ఒక చిన్న పుస్తకంగా తెచ్చారు. అలా పుట్టింది అన్‌టైడ్ ప్రెస్. ఆ తర్వాత ఒక చిన్న ప్రెస్సు సంపాదించి సీసపు అక్షరాలు కూర్చి అచ్చువేయడం నేర్చుకున్నారు. 1944లో ఎవర్సన్ వాల్డ్‌పోర్ట్ కవితలు, గ్లెన్ కాఫీల్డ్ కవితలు, 1945లో కెనెత్ పాచెన్ సంపుటి ఆ ప్రెస్సులోనే వచ్చాయి. పాచెన్ శిబిరంలోని మనిషి కాదు, బయట అప్పటికే పేరున్న కవి. పగలంతా కంకర కొట్టి వచ్చిన మనుషులు రాత్రిళ్లు అంత పేరున్న కవిని అచ్చువేశారంటే, ఆ పనిని వాళ్లు కాలక్షేపం అనుకోలేదని తెలుస్తూనే ఉంది.

1944లో ఇది ఫైన్ ఆర్ట్స్ గ్రూప్‌గా మారింది. దానికి బాధ్యుడు ఎవర్సన్. వేరే శిబిరాల నుంచి చిత్రకారులు, సంగీతం తెలిసినవాళ్లు, నాటకాలవాళ్లు బదిలీ అడిగి మరీ వాల్డ్‌పోర్ట్‌కు వచ్చారు. భోజనశాలలో ఇబ్సెన్, చెహోవ్ నాటకాలు వేశారు. అడ్రియన్ విల్సన్ అచ్చుపనిలో ఓనమాలు దిద్దుకున్నది ఇక్కడే. తర్వాత ఆయన అమెరికాలో పేరుపొందిన పుస్తక రూపశిల్పి అయ్యాడు, 1983లో మెకార్థర్ ఫెలోషిప్ అందుకున్నాడు. యుద్ధం ముగిశాక ఈ గుంపులో చాలామంది శాన్‌ఫ్రాన్సిస్కో చేరి నాటకశాల పెట్టారు, ప్రెస్సులు పెట్టారు. 1950లలో ఆ నగరంలో కవిత్వం ఒక్కసారిగా పూసిందని చెప్పుకుంటాం గానీ, నారు పోసింది ఇలాంటి శిబిరాల్లోనే.

శిబిరం మిగిల్చిన రెండో లెక్క చేదుగా ఉంటుంది. దూరం, డబ్బు లేకపోవడం, ఎప్పుడు వదులుతారో తెలియని టెన్షన్ వల్ల చాలా కాపురాలు చెడిపోయాయి. ఎవర్సన్ కాపురం కూడా. అక్కడే రాసిన ఒక దీర్ఘ కవితలో ఆయన ఆ విడిపోవడాన్ని దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. శాంతివాదుల మీద రాసేవాళ్లు ఎక్కువగా వాళ్ల సూత్రాల గురించే రాస్తారు. ఆ సూత్రానికి ఇంట్లోవాళ్లు కట్టిన వెల గురించి రాసింది తక్కువ. ఎవర్సన్‌ను కేవలం యుద్ధ వ్యతిరేక కవిగా చదివితే ఈ భాగం జారిపోతుంది. నా మటుకు ఆయన యుద్ధ కవితల కన్నా ఈ కవితే ఆ కాలానికి బలమైన సాక్ష్యం.

1946లో విడుదలయ్యాడు. బర్కిలీ వచ్చి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రెస్సులో ఊడ్చి తుడిచే ఉద్యోగం చేశాడు. తానూ యుద్ధానికి నిరాకరించినవాడే అయిన కవి కెనెత్ రెక్స్‌రాత్ అండగా నిలిచాడు. 1948లో న్యూ డైరెక్షన్స్ సంస్థ ‘ది రెసిడ్యువల్ ఇయర్స్’ సంపుటి తెచ్చింది. మరుసటి ఏడాది గుగెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది. అదే 1949లో, ఎవరూ ఊహించని విధంగా, చర్చి లేని శాంతివాది క్యాథలిక్ మతం పుచ్చుకున్నాడు. ఓక్లండ్‌లో నిరుపేదల కోసం క్యాథలిక్ వర్కర్ ఉద్యమం నడిపే వసతి గృహంలో కొన్నాళ్లు గడిపి, 1951లో డొమినికన్ అనే క్యాథలిక్ సన్యాసుల మఠంలో చేరాడు. అక్కడ ఆయన పేరు బ్రదర్ ఆంటొనైనస్.

మఠానికి తన చేతి ప్రెస్సును కూడా వెంట తెచ్చుకున్నాడు. లాటిన్ కీర్తనల గ్రంథం ఒకటి అచ్చువేయడం మొదలుపెట్టాడు. చేతి ప్రెస్సు పనిలో తొందరపడితే మొత్తం చెడుతుంది. చేత్తో చేసిన కాగితాన్ని ముందురోజే తడిపి దొంతరగా పేర్చాలి, తడి అన్ని పొరలకూ సమంగా పట్టాలి. మరీ తడిస్తే సిరా అలుక్కుంటుంది, ఆరిపోతే అక్షరం దిగదు. ఒక్కో కాగితానికి సిరా రోలరు ఆడించడం, కాగితం పరచడం, చేతికర్ర లాగడం. గ్రంథం పూర్తికాలేదు. క్యాథలిక్ ఫాదర్ కావడానికి చదవాల్సిన చదువు కోసం మధ్యలో వదిలేశాడు, తీరా ఆ చదువూ నిలవలేదు. అప్పటికి అచ్చయిన కాగితాలను లాస్ ఏంజెలిస్‌లో బైండు చేయించి 1955లో 48 ప్రతులుగా విడుదల చేశారు. అమెరికాలో చేతి ప్రెస్సు మీద వచ్చిన గొప్ప పుస్తకాల పేర్లు చెప్పేటప్పుడు అచ్చుపనివాళ్లు ఈ అసంపూర్ణ గ్రంథాన్ని తప్పక తలుచుకుంటారు.

తర్వాతి సంగతులు పత్రికలకు ఇష్టమైనవి. 1959లో టైమ్ పత్రిక ఆయనను ‘బీట్ ఫ్రయర్’, అంటే బీట్ సన్యాసి, అంది, సన్యాసి దుస్తుల్లో కవితలు చదువుతుంటే హాళ్లు నిండాయి. 1969 డిసెంబరు 7న డేవిస్‌లో కవితా పఠనం చివర ఆ దుస్తులను వేదిక మీదే విప్పేసి మఠం వదిలి, పెళ్లి చేసుకున్నాడు. 1971 నుంచి శాంటా క్రూజ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. అక్కడ లైమ్ కిల్న్ ప్రెస్ పెట్టి, విద్యార్థులతో కలిసి 1975లో తన గురువు జెఫర్స్ కవితలను 100 ప్రతులు అచ్చువేశాడు. పార్కిన్సన్స్ వ్యాధి చేతుల్ని లోబరచుకున్నాక అక్షరాలు కూర్చడం ఆగింది గానీ రాయడం ఆగలేదు. 1994 జూన్ 3న చనిపోయాడు.

కాగితాల దగ్గరికి వస్తే, ఎవర్సన్ ఒకచోట దొరకడు. ఉత్తరాలు, రాతప్రతుల్లో ఒక పెద్ద భాగం బర్కిలీలోని బ్యాంక్రాఫ్ట్ లైబ్రరీలో ఉంది. అది ఆయన ఒకప్పుడు చీపురు పట్టుకున్న విశ్వవిద్యాలయం లైబ్రరీయే. ఇంకో పెద్ద భాగం లాస్ ఏంజెలిస్‌లోని క్లార్క్ లైబ్రరీలో ఉంది. అది మేలైన ముద్రణను ప్రత్యేకంగా సేకరించే చోటు. లైమ్ కిల్న్ ప్రెస్ సామగ్రి శాంటా క్రూజ్‌లో ఉంది. శిబిరాలను నడిపిన బ్రెద్రెన్ చర్చి రికార్డులు ఇల్లినాయిలోని ఎల్గిన్‌లో ఉన్నాయి. వాల్డ్‌పోర్ట్ కళాకారుల ప్రచురణలను, శిబిరాల్లో పనిచేసిన ఇంకో కవి విలియం స్టాఫర్డ్ పత్రాలను పోర్ట్‌లండ్‌లోని లూయిస్ అండ్ క్లార్క్ కాలేజీ దాచింది. శాంతి ఉద్యమాల పత్రాలకు పెద్ద నిలయం పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్ కాలేజీ.

ఇలా విడిపోవడానికి కారణం ఉంది. కవిని కొనేవాళ్లు వేరు, ముద్రాపకుణ్ణి కొనేవాళ్లు వేరు. ఒకరికి రాతప్రతి కావాలి, మరొకరికి ప్రూఫులు, కాగితం నమూనాలు కావాలి. శాంతివాదిని మాత్రం ఎవరూ విడిగా కొనలేదు, అతను ఆ రెండింటి మధ్యా ఇరుక్కుని మిగిలాడు. దాని ఫలితం చదువుల్లో కనబడుతుంది. అచ్చు చరిత్ర రాసేవాళ్లు వాల్డ్‌పోర్ట్‌ను ఒక పేరాలో దాటేసి 48 ప్రతుల దగ్గర ఆగుతారు, కవిత్వం వాళ్లు బీట్ ఫ్రయర్ దగ్గర ఆగుతారు. సైక్లోస్టైల్ పత్రికలకైతే ఇంకో సమస్య కూడా ఉంది. యుద్ధకాలపు చవక కాగితంలో ఆమ్లం ఎక్కువ. అది పసుపెక్కి అంచుల దగ్గర పొడిపొడిగా రాలిపోతుంది. చేతి కాగితం మీద వేసిన కీర్తనల గ్రంథానికి ఆ భయం లేదు. ఎక్కువ జాగ్రత్త ఏ కాగితానికి కావాలో లైబ్రరీవాళ్లకు తెలుసు, అమ్మకపు ధరలు మాత్రం తారుమారుగా ఉంటాయి.

చట్టం విషయానికొస్తే, సీగర్, వెల్ష్ తీర్పులు ఎవర్సన్ లాంటివాళ్లకు తలుపు తెరిచాయి గానీ పూర్తిగా కాదు. 1971లో జిలెట్ కేసులో కోర్టు ఒక గీత గీసింది. అన్ని యుద్ధాలనూ వ్యతిరేకించాలి, ఫలానా యుద్ధం అన్యాయం కాబట్టి రానంటే కుదరదని చెప్పింది. నిర్బంధ సేవ 1973లో ఆగింది. పేరు నమోదు చేసుకోవాలన్న నియమం 1980లో మళ్లీ వచ్చింది, నమోదు సమయంలో మనస్సాక్షి అభ్యంతరం చెప్పుకోవడానికి ప్రత్యేకంగా గడి ఏదీ పెట్టలేదు. అందుకే కొందరు శాంతివాద సంఘాలవాళ్లు నేటికీ తమ పిల్లలకు ఒక సలహా ఇస్తారు: ఎందుకు ఒప్పుకోవో ఇప్పుడే రాసి పెట్టుకో, ఉత్తరాలు దాచుకో, తేదీలు వేసుకో. రేపు బోర్డు ముందు నిలబడాల్సి వస్తే, ఈ నమ్మకం నిన్న పుట్టింది కాదని చూపించడానికి ఆ కాగితాలే ఆధారం.