న్యాక్ మార్కుల్లో విలువలు ఎక్కడుంటాయి? అపోహలు - వాస్తవాలు

డిగ్రీ కళాశాలలో ఐక్యూఏసీ, అంటే అంతర్గత నాణ్యతా విభాగం, బాధ్యత చూస్తున్నాను. కళాశాలలు, విశ్వవిద్యాలయాల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ న్యాక్. దానికి పంపే నివేదిక పని మొదలవగానే స్టాఫ్ రూములో వినిపించే మాటలివి.

అపోహ: విలువలంటే న్యాక్ మార్కులిచ్చే అంశాల్లో ఏడోది, ఏడో క్రైటీరియన్. అది రాసేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: 'సంస్థాగత విలువలు, ఉత్తమ పద్ధతులు' పేరుతో ఉన్న ఆ అంశానికి 2017 నాటి పద్ధతిలో 1000లో 100 మార్కులున్న మాట నిజమే. కానీ అదే పద్ధతిలో బోధన-అభ్యసనానికి అనుబంధ కళాశాలకు 350 మార్కులిచ్చి, విశ్వవిద్యాలయానికి 200 మాత్రమే ఇచ్చారు. ఏ సంస్థ ఎందుకు ఉందన్న అభిప్రాయం ఉంటే తప్ప ఆ పంపకం కుదరదు. అది విలువ కాక మరేమిటి?

అపోహ: అంకెలకు పక్షపాతం ఉండదు.

వాస్తవం: ఉత్తీర్ణత శాతాన్నే తీసుకోండి. చివరి ఏడాది పరీక్ష రాసినవారిలో ఎందరు పాసయ్యారన్నదే అక్కడ లెక్క. మొదటి ఏడాది 60 మంది చేరారనుకుందాం. పెళ్లిళ్లయి కొందరు, ఇంటికి ఆసరాగా పనుల్లో కుదిరి కొందరు మానేశారు. మిగిలిన 40 మందిలో 36 మంది పాసైతే 90 శాతం! చేరినవారితో పోలిస్తే 60 శాతమే. రెండు లెక్కలూ సరైనవే. హారంలో ఎవరిని ఉంచాలో గణితం చెప్పదు. హాజరుపట్టీలో ఎర్ర సిరాతో కొట్టేసిన ఆ పేర్లను మేం విడిగా రాసి పెట్టుకుంటున్నాం, ఎవరూ అడగకపోయినా.

అపోహ: గ్రేడు, ర్యాంకు ఒకటే.

వాస్తవం: కాదు. న్యాక్ గ్రేడు ఆ సంస్థను ప్రమాణాలతో తూచి ఇచ్చేది. ఎన్ఐఆర్ఎఫ్, అంటే కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు ర్యాంకులిచ్చే వ్యవస్థ, ఇచ్చే ర్యాంకు పక్క సంస్థతో పోటీ.

అపోహ: ఫోటో, బిల్లు ఉంటే ఆధారం ఉన్నట్టే.

వాస్తవం: ఒక కళాశాల ఫైలులో ర్యాంపు ఫోటో చూశాను. తేదీ, స్థలం అన్నీ సరిగ్గా నమోదయ్యాయి. వెళ్లి చూస్తే రెండడుగుల ఎత్తున్న వరండాకు ఆరడుగుల వాలు. నిబంధన ప్రకారం అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుండాలి. పైగా ఎక్కాక తలుపు దగ్గర గడప. ఒక విద్యార్థినిని వీల్‌చైర్‌తో సహా స్నేహితురాళ్లు ఎత్తి లోపలికి తీసుకెళ్తున్నారు. ఖాళీ కుర్చీని ఒక్కసారి దొర్లించి చూసినా తెలిసిపోయేది. అంతకుముందు ఏడాది మా కళాశాల ఫైలు పంపేటప్పుడు నేనూ ఆ పని చేయలేదు.