పుజ్డెమోన్ కేసు: స్పెయిన్ పట్టుబట్టి తెచ్చిన వారెంటు

యూరప్‌లో నిందితుల అప్పగింత చాలాకాలం 1957 నాటి పారిస్ ఒప్పందం ప్రకారమే సాగింది. నేరం రాజకీయ స్వభావం గలదని తోస్తే అప్పగింతను నిరాకరించే వెసులుబాటు అందులో ఉంది. 1990లలో స్పెయిన్ నుంచి విడిపోవాలని పోరాడిన బాస్క్ సాయుధ సంస్థ ఈటీఏతో సంబంధాలున్నాయని స్పెయిన్ ఆరోపించిన వారిని అప్పగించడానికి బెల్జియం వెనుకాడటం ఇరు దేశాల మధ్య వైమనస్యానికి దారితీసింది. అందుకే 2001 సెప్టెంబరు దాడుల తర్వాత యూరోపియన్ అరెస్ట్ వారెంటు (ఒక ఈయూ దేశపు కోర్టు జారీ చేస్తే మరో ఈయూ దేశం నిందితుణ్ణి అరెస్టు చేసి అప్పగించే ఏర్పాటు) ప్రతిపాదన వచ్చినప్పుడు దానికోసం గట్టిగా పట్టుబట్టిన దేశాల్లో స్పెయిన్ ముందుంది. 2002 జూన్ 13న అది ఆమోదం పొందినప్పుడు యూరోపియన్ యూనియన్ (ఈయూ) మండలి అధ్యక్ష బాధ్యత కూడా స్పెయిన్‌దే.

2004 జనవరిలో అమల్లోకి వచ్చిన ఈ విధానం నిర్ణయాధికారాన్ని మంత్రుల చేతుల్లోంచి తీసి న్యాయమూర్తులకు అప్పగించింది. ఉగ్రవాదం, అవినీతి వంటి 32 రకాల తీవ్ర నేరాల విషయంలో, ఆ పని తమ దేశంలోనూ నేరమేనా అని అప్పగించే దేశపు కోర్టు చూడనక్కర్లేదు. తిరుగుబాటు నేరం మాత్రం ఆ జాబితాలో లేదు.

2017 అక్టోబరులో స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతపు స్వాతంత్ర్య ప్రకటన తర్వాత బెల్జియం వెళ్లిపోయిన ప్రాంతీయ ప్రభుత్వాధినేత కార్లెస్ పుజ్డెమోన్‌ను 2018 మార్చి 25న ఉత్తర జర్మనీలో పోలీసులు పట్టుకున్నప్పుడు అసలు చిక్కు బయటపడింది. ప్రభుత్వ వ్యవస్థలను లొంగదీసుకునేంతటి హింస జరిగితే తప్ప స్పెయిన్ మోపిన తిరుగుబాటు ఆరోపణ జర్మన్ చట్టం కింద రాజద్రోహం (హై ట్రీజన్) కాదని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ ఉన్నత కోర్టు భావించి, జులై 12న ప్రజాధనం దుర్వినియోగం ఆరోపణపై మాత్రమే అప్పగింతకు అనుమతించింది. ఏ ఆరోపణపై అప్పగిస్తే దానిపైనే విచారించాలన్న నియమం ఉండటంతో, తిరుగుబాటు కేసు చేజారుతుందని గ్రహించిన స్పెయిన్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి పాబ్లో యరేనా ఆ అప్పగింతనే వద్దని వారెంటును ఉపసంహరించారు. చేతికందిన నిందితుణ్ణి ఇలా వదులుకోవడం మొండిపట్టుగా కనిపించినా, న్యాయపరంగా ఆయన లెక్క ఆయనకుంది.

మళ్లీ జారీ చేసిన వారెంటుపై 2021 సెప్టెంబరులో ఇటలీ దీవి సార్డీనియాలో జరిగిన అరెస్టు కూడా నిలవలేదు. 2023 జనవరిలో స్పెయిన్ తిరుగుబాటు కంటే తక్కువ స్థాయిదైన 'సెడిషన్' నేరాన్నే శిక్షాస్మృతి నుంచి తొలగించింది. మరుసటి ఏడాది కాటలోనియా స్వాతంత్ర్య ఉద్యమ కేసులకు క్షమాభిక్ష చట్టం వచ్చినా, నిధుల దుర్వినియోగం కేసులో అది పుజ్డెమోన్‌కు వర్తించదని 2024 జులై 1న సుప్రీంకోర్టు తేల్చింది. జర్మనీ 2018లో అప్పగిస్తానన్నది సరిగ్గా ఆ ఆరోపణ మీదే.