రిపోర్టు నార్మల్, తలనొప్పి మాత్రం అలాగే

గుంటూరు కొత్తపేటలో స్కాన్ సెంటర్ బయట మా బాబాయి ఎంఆర్ఐ ఫిల్మ్ కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. రిపోర్టు నార్మల్. 1988లో శాంతిసేనతో శ్రీలంకలో ఉన్నప్పుడు ఆయన ముందు వెళ్తున్న బండి కింద మందుపాతర పేలింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. కాసేపు స్పృహ తప్పింది, అంతే. అప్పటినుంచీ తలనొప్పి, మతిమరుపు. పెళ్లి ఊరేగింపులో టపాసులు మొదలైతే లేచి లోపలికి వెళ్లిపోతాడు.

ఈ బాధకు వందేళ్లు దాటాయి. ఫిరంగి గుండ్లు పక్కనే పేలాక చూపు, జ్ఞాపకం దెబ్బతిన్న ముగ్గురు సైనికుల గురించి 1915లో చార్లెస్ మయర్స్ అనే బ్రిటిష్ డాక్టరు ‘షెల్ షాక్’ పేరుతో రాశారు. దెబ్బ మెదడుకా, మనసుకా అన్న తగువు తెగలేదు. గాయం కనబడని వాళ్లలో చాలామందికి పిరికివాళ్లన్న ముద్ర పడింది.

1971లో లండన్‌లో రోగికి తొలి సీటీ స్కాన్ తీశారు. మెదడులో రక్తస్రావం కళ్లకు కనబడింది కానీ ఇలాంటి దెబ్బ దానికి చిక్కలేదు. స్పృహ తప్పడం 30 నిమిషాలు దాటకపోతే, స్పృహ ఎంత ఉందో కొలిచే గ్లాస్గో స్కోరు బాగుంటే, దీన్ని ‘మైల్డ్’ అంటారు. ఆ మాట ఆ రోజు లెక్కకే. తర్వాత ఏళ్ల తరబడి పడే బాధకు అది కొలత కాదు.

1994లో పీటర్ బాసర్ బృందం ఎంఆర్ఐలోనే కొత్త దారి చూపింది. అదే డీటీఐ (డిఫ్యూజన్ టెన్సర్ ఇమేజింగ్). నరాల పోగుల వెంట నీరు ఎటు కదులుతోందో అది చూస్తుంది. మన కృష్ణా కాలువ గట్టు గట్టిగా ఉంటే నీళ్లు కాలువ వెంటే పోతాయి, గండి పడితే పక్కలకు పారతాయి కదా, అలాగన్నమాట. 2011లో వెలువడిన ఒక అధ్యయనం కోసం పేలుళ్లలో చిక్కుకున్న 63 మంది అమెరికన్ సైనికులను ఇలా పరీక్షించారు. సీటీలో ఒక్కరికీ ఏమీ కనబడలేదు. డీటీఐలో 18 మందికి తేడాలు స్పష్టంగా తేలాయి.

మిగతా 45 మంది మాట? అక్కడే నాకు బెంగ. గుంపు మొత్తంలో కనబడే తేడా ఒక్క మనిషి విషయంలో తేల్చి చెప్పడానికి చాలదు. పైగా 2008లో 2,525 మంది సైనికులపై వచ్చిన అధ్యయనంలో, తలనొప్పి తప్ప మిగతా శారీరక ఇబ్బందులు చాలావరకు పీటీఎస్‌డీ (భయానక అనుభవం తర్వాత మిగిలే మానసిక గాయం), డిప్రెషన్‌లతో ముడిపడి ఉన్నాయని తేలింది. అంటే ఫిల్మ్ ఒక్కటే చూస్తే చాలదు, మనిషిని అడగాలి.

మొన్న విజయవాడ సూర్యారావుపేటలో ఒక న్యూరాలజిస్టు కవరు పక్కన పెట్టి, “ఎన్నిసార్లు పేలుళ్ల దగ్గర ఉన్నారండీ?” అని అడిగారు. ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. బాబాయి వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. రెండో చెయ్యి కూడా పైకి లేచింది.